దిట్టం రాసుకోండి: క్లౌడ్ యంత్రాలకు సొంత ఇమేజ్ తయారీ

(తిరుపతిలో ఇంజినీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముక్కోటి ఏకాదశి ముందు వారం జరిగిన సంగతి ఒకటి చెప్పి మొదలుపెడతాను. అప్పుడు నేను మన ఊళ్లోనే ఒక చిన్న కంపెనీలో సర్వర్లు చూసేదాన్ని. ప్రైవేటు లాడ్జీల్లో గదులు ఆన్‌లైన్‌లో బుక్ చేసిపెట్టడం ఆ కంపెనీ పని. మామూలు రోజుల్లో రెండు యంత్రాలు చాలు. పండగ ముందు జనం ఒక్కసారిగా వస్తారు కాబట్టి, కంప్యూటర్లు అద్దెకిచ్చే క్లౌడ్‌లో ఇంకో ఆరు యంత్రాలు వాటంతటవే లేవాలి. లేచేవి కూడా. అయితే లేచిన ప్రతి యంత్రమూ ఇంటర్నెట్ నుంచి ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్ మూటలు, దింపుకొని, ఇన్‌స్టాల్ చేసుకొని, మా కోడ్ తెచ్చుకొని పనికి సిద్ధమయ్యేసరికి పదకొండు నిమిషాలు పట్టేది. గది కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్న మనిషి పదకొండు నిమిషాలు ఆగడు. దానికి తోడు ఆ సాయంత్రం మేం ప్యాకేజీలు తెచ్చుకునే బయటి సర్వర్ ఒకటి జవాబివ్వడం మానేసింది. ఆరింటిలో నాలుగు యంత్రాలు సగం ఇన్‌స్టాల్‌తో ఆగిపోయాయి.

రాత్రి రెండు గంటలప్పుడు, ఆ టెన్షన్‌లో, బాగా నడుస్తున్న సర్వర్ ఒకదాని డిస్కును ఉన్నదున్నట్టు కాపీ తీసి, దాన్నే ఇమేజ్‌గా, అంటే మూలప్రతిగా, పెట్టేశాను. కొత్త యంత్రాలు నిమిషంలో లేచాయి. పండగ గడిచింది. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత మూడు నెలల పాటు ఆ కాపీ మాకు ఏమేం తెచ్చిపెట్టిందో చెబితే, సొంత ఇమేజ్ ఎట్లా తయారు చేయకూడదో మీకు అర్థమవుతుంది. ఎట్లా చేయాలో ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇమేజ్ అంటే కొత్తగా వినేవాళ్ల కోసం చెబుతున్నాను. ఒక వర్చువల్ యంత్రం (పెద్ద కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్) బూట్ కావడానికి కావలసినవన్నీ, అంటే మొదట లేపే బూట్‌లోడర్, సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నల్, ఫైల్ సిస్టమ్, అందులోని సాఫ్ట్‌వేర్, ఒకే డిస్కు రూపంలో పెట్టి ఉంచిన ప్రతి. అమెజాన్ 2006లో యంత్రాలు అద్దెకిచ్చే ఈసీ2 మొదలుపెట్టినప్పటి నుంచి దీన్ని ఏఎమ్ఐ (అమెజాన్ మెషిన్ ఇమేజ్) అంటోంది. మిగతా క్లౌడ్‌లలో ఇమేజ్ అనే అంటారు. మీరు బటన్ నొక్కినప్పుడు ఆ ప్రతికి నకలు తీసి మీకు యంత్రం ఇస్తారు. ఒకే ప్రతి నుంచి వంద యంత్రాలు వస్తాయి. అంటే ఆ ప్రతిలో ఒక తప్పు ఉంటే వంద తప్పులు వస్తాయి.

మా మొదటి తప్పు ఎస్సెమ్మెస్‌లలో బయటపడింది. బుకింగ్ ఉన్నవాళ్లకు ముందురోజు గుర్తుచేసే మెసేజ్ పంపే క్రాన్ పని, అంటే వేళకు తనంతట తానే నడిచే పని, ఒకటి ఆ అసలు సర్వర్‌లో ఉంది. డిస్కును కాపీ తీస్తే అదీ వచ్చింది. ప్రతి నకలూ తన వంతుగా మెసేజ్ పంపింది. ఒక పెద్దాయన ఫోన్ చేసి, "అమ్మా, నేను తీసుకున్నది ఒక్క గది. అయిదు మెసేజులు వచ్చాయి. అయిదు గదుల డబ్బు పట్టుకుంటారా?" అని అడిగారు. ఆయన గొంతులోని భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. మనం సర్వర్ దగ్గర చేసే పని చివరికి ఎవరిదాకా వెళ్తుందో అట్లా తెలుస్తుంది.

రెండోది ఇంకా లోతైనది. దూరం నుంచి లినక్స్ యంత్రంలోకి లాగిన్ కావడానికి వాడే పద్ధతి ఎస్ఎస్‌హెచ్. దానికోసం ప్రతి యంత్రానికీ హోస్ట్ కీలు ఉంటాయి. నువ్వు మాట్లాడుతున్నది నిజంగా ఆ యంత్రంతోనే అని నీకు రుజువు చేసేవి అవే. నా ఇమేజ్ నుంచి వచ్చిన యంత్రాలన్నిటికీ ఒకే హోస్ట్ కీ. అంటే వాటిలో ఏ ఒక్కదానిలోకి దొంగ దూరినా, మిగతావాటిలా వేషం వేయడానికి కావలసిన రహస్యం అతని చేతికి వచ్చేసినట్టే. ఊరంతటికీ ఒకే ఆధార్ నంబరు ఇచ్చినట్టు.

మూడోది, ఆ సర్వర్‌లో నేనే ఎప్పుడో డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా టైప్ చేసిన ఆదేశం. అది, టైప్ చేసిన ఆదేశాలను దాచే బ్యాష్ హిస్టరీలో కూర్చుని ఉంది. అదృష్టం కొద్దీ ఆ ఇమేజ్‌ను బయటి వాళ్లెవరితోనూ పంచుకోలేదు. పంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 2012లో కొందరు పరిశోధకులు అమెజాన్‌లో అందరికీ తెరిచి ఉన్న ఇమేజ్‌లను 5,000కు పైగా తీసి పరిశీలించారు. వాటిలో ప్రైవేటు కీలు, పాస్‌వర్డ్‌లు, బ్రౌజింగ్ చరిత్రలు దొరికాయి. చెరిపేశామనుకున్న ఫైళ్లు కూడా తిరిగి పైకి వచ్చాయి. ఫైల్‌ను డిలీట్ చేస్తే పేరు పోతుంది, డిస్కు మీది అక్షరాలు వెంటనే పోవు. డిస్కు మొత్తాన్ని కాపీ తీస్తే ఆ అక్షరాలూ వెంట వస్తాయి.

నాలుగోది మా కంపెనీలో జరిగింది కాదు. నేను తర్వాత సాయం చేసిన ఒక కాలేజీ ల్యాబులో చూశాను. లినక్స్‌లోనే వర్చువల్ యంత్రాలు నడిపే కేవీఎం మీద, ఉబుంటు అనే లినక్స్‌తో యంత్రం ఒకటి చేసుకుని దానికి ఇరవై నకళ్లు తీశారు. కొన్ని యంత్రాలకు ఒకే ఐపీ అడ్రస్ వస్తోంది. నెట్‌వర్క్ కార్డుల మ్యాక్ అడ్రస్‌లు వేరువేరుగానే ఉన్నాయి, కేబుల్ మార్చి చూశారు, స్విచ్ మార్చి చూశారు. అసలు కారణం ఈటీసీ డైరెక్టరీలోని మెషిన్-ఐడీ అనే చిన్న ఫైల్. ఉబుంటు సర్వర్‌లో లినక్స్ సేవలను నడిపే సిస్టమ్‌డీలో నెట్‌వర్క్‌ను చూసే భాగం, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌ను అడ్రస్ అడిగేటప్పుడు తన గుర్తింపును ఆ మెషిన్-ఐడీ నుంచే తయారు చేసుకుంటుంది. ఇరవై యంత్రాలకూ ఒకటే ఐడీ. అందరూ ఒకే మనిషి అనుకుని డీహెచ్‌సీపీ సర్వర్ ఒకే అడ్రస్ ఇచ్చింది. పెద్ద క్లౌడ్‌లలో అడ్రస్‌ను నెట్‌వర్క్ కార్డుకే కట్టి ఉంచుతారు కాబట్టి అక్కడ ఇట్లా కనిపించదు. మీ కాలేజీ ల్యాబుల్లో కనిపిస్తుంది. ఆ ఫైల్‌ను తీసేయకుండా, లోపల ఏమీ లేకుండా ఖాళీ చేసి ఉంచండి. మొదటిసారి బూట్ అయినప్పుడు సిస్టమ్‌డీ కొత్త ఐడీ రాసుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తిరుపతి వాళ్లకు ఇది చెప్పడం సులువు. కొండ మీద పోటులో, అంటే గుడి వంటశాలలో, లడ్డు ఎట్లా తయారవుతుందో మీకు తెలుసు. దానికి దిట్టం, అంటే ఏ సరుకు ఎంత వేయాలో రాసిన కొలత, ఉంది. 5,100 లడ్లకు శనగపిండి 180 కిలోలు, నెయ్యి 165, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. మొత్తం 803 కిలోల సరుకు. రోజూ ఆ కొలతలతోనే కొత్తగా చేస్తారు. నిన్నటి లడ్డును ముందు పెట్టుకుని, అది చూసి ఇంకోటి చేయరు. లడ్డు రుచి తరం నుంచి తరానికి నిలిచింది లడ్డును దాచిపెట్టడం వల్ల కాదు, దిట్టాన్ని కాపాడుకోవడం వల్ల.

నేను ఆ రాత్రి చేసింది లడ్డును దాచిపెట్టడం. అందులో ఏమేం పడ్డాయో నాకే తెలియదు. రెండేళ్లలో ముగ్గురు మనుషులు ఆ సర్వర్‌లో చేతితో ఏవేవో మార్చారు. దాన్ని ఇంకోసారి మొదటి నుంచి చేయమంటే చేయలేను. ఆ ఇమేజ్ పోతే అంతా పోయినట్టే. ఇమేజ్‌ను ఎప్పుడైనా పారేయగలిగి ఉండాలి. దాన్ని తయారు చేసే దిట్టం మాత్రం మార్పుల చరిత్ర దాచే గిట్‌లో, తేదీలతో, ఎవరు ఎందుకు మార్చారో కనబడేలా ఉండాలి.

ఆ దిట్టం రాయడానికి ఎక్కువమంది వాడే పరికరం ప్యాకర్. హాషికార్ప్ కంపెనీ పెట్టిన మిచెల్ హాషిమోటో 2013లో తెచ్చారు. 2023 ఆగస్టులో దాని లైసెన్సు మార్చారు, కంపెనీలో వాడేముందు అది చదువుకోండి. ప్యాకర్ చేసే పని చాలా తిన్ననైనది. మీరు చెప్పిన మూల ఇమేజ్ నుంచి తాత్కాలికంగా ఒక యంత్రాన్ని లేపుతుంది, మీ స్క్రిప్టులు అందులో నడుపుతుంది, ఆపుతుంది, డిస్కును ఇమేజ్‌గా తీసుకుంటుంది, యంత్రాన్ని పారేస్తుంది. సొంత క్లౌడ్ కట్టుకునే ఓపెన్‌స్టాక్ వాళ్లకు డిస్క్‌ఇమేజ్-బిల్డర్ ఉంది. నాకు ఇష్టమైనది మాత్రం లిబ్‌గెస్ట్ఎఫ్ఎస్ కుటుంబంలోని విర్ట్-కస్టమైజ్. అది మీ ఇమేజ్‌లోని అసలు సిస్టమ్‌ను బూట్ చేయకుండానే, డిస్కు ఫైల్‌ను తెరిచి లోపల ప్యాకేజీలు పెడుతుంది, ఫైళ్లు రాస్తుంది. బూట్ కాలేదు కాబట్టి లాగ్‌లు లేవు, కీలు పుట్టలేదు, తుడవాల్సిన చెత్త తక్కువ. పరికరం ఏదైనా సరే, మీ చేత్తో లాగిన్ అయి ఒక్క ఆదేశం కూడా కొట్టకూడదు. కొడితే అది దిట్టంలో లేని సరుకు.

మూల ఇమేజ్‌గా ఉబుంటు, డెబియన్ లినక్స్‌ల వాళ్లు స్వయంగా ఇచ్చే క్లౌడ్ ఇమేజ్‌లు తీసుకోండి. దింపుకున్నాక దాని చెక్‌సమ్ (ఫైల్‌లోని అక్షరాల నుంచి లెక్కగట్టిన సంఖ్య) సరిచూడండి, ఆ చెక్‌సమ్ ఫైల్ మీద డిజిటల్ సంతకం ఇస్తే అదీ సరిచూడండి. సరుకు గేటు దగ్గరే పరీక్షించాలి. చెక్‌సమ్ ఒక్కటే చూస్తే చాలదు. ఫైల్‌ను మార్చగలిగినవాడు పక్కనే ఉన్న చెక్‌సమ్‌ను కూడా మార్చగలడు.

ఇక ఇమేజ్‌లో ఏం పెట్టాలి? నిదానంగా మారేవి లోపల పెట్టండి: భద్రతా అప్‌డేట్లు, కోడ్‌ను నడిపే రన్‌టైమ్‌లు, లాగ్ పంపే ఏజెంట్లు. వేగంగా మారేవి, రహస్యంగా ఉండేవి బయట ఉంచండి. పాస్‌వర్డ్, కీ, టోకెన్, ఇవి ఏవీ ఏ కారణం చేతా ఇమేజ్‌లోకి వెళ్లకూడదు. యంత్రం లేచాక తన గుర్తింపు చూపించి తెచ్చుకోవాలి. మీ కోడ్ ఎక్కడ ఉండాలి అన్నది తగువు తెగని ప్రశ్న. వారానికోసారి మారే కోడ్ అయితే ఇమేజ్‌లోనే పెట్టమంటాను. రోజుకు పదిసార్లు మారుతుంటే ప్రతిసారీ ఇమేజ్ కట్టడం మనుషులను అలసగొడుతుంది.

ఇక్కడ మన భాష సంగతి ఒకటి చెప్పాలి, దీన్ని ఎవరూ చెప్పరు. మా రసీదుల పీడీఎఫ్‌లు తెలుగులో ఉండేవి. కొత్తగా, శుభ్రంగా కట్టిన మొదటి ఇమేజ్ మీద రసీదు తీస్తే పేరు ఉండాల్సిన చోట వరసగా ఖాళీ డబ్బాలు. క్లౌడ్ ఇమేజ్‌లు చిన్నవిగా ఉండాలని వాటిలో తెలుగు ఫాంట్లు పెట్టరు. పాత సర్వర్‌లో ఎవరో ఎప్పుడో చేత్తో పెట్టి ఉంటారు, ఎక్కడా రాయలేదు. లోహిత్ తెలుగు, నోటో ఫాంట్లు దిట్టంలో రాశాం. ఇమేజ్ పరీక్షలో ఒక తెలుగు రసీదు తీయించి, ఆ అక్షరాలు ఏ ఫాంటులో వచ్చాయో చూసే పని కూడా చేర్చాం. ఈ పేరు తెలుగులో సరిగ్గా పడాలి అని పట్టుబట్టేది మనమే. వేరే ఊరివాడు మన కోసం పట్టుబట్టడు.

యంత్రం లేచాక జరిగే పనిని క్లౌడ్-ఇనిట్ చూసుకుంటుంది. ఉబుంటు వాళ్లు ఈసీ2 కోసం మొదలుపెట్టింది, ఇప్పుడు దాదాపు అన్ని క్లౌడ్‌లలోనూ ఉంది. చాలా క్లౌడ్‌లలో అది 169.254.169.254 అనే అడ్రస్‌ను, అంటే క్లౌడ్ తన యంత్రాలకు సమాచారం ఇచ్చే చోటును, అడిగి, నా పేరేమిటి, ఎవరి కీ లోపల పెట్టాలి, ఏ స్క్రిప్టు నడపాలి అని తెలుసుకుంటుంది. హోస్ట్ కీలు కూడా అప్పుడే కొత్తగా పుట్టిస్తుంది, ఎవరూ ఆ అమరికను ఆపి ఉండకపోతే. అయినా పాతవి మనమే తీసేసి ఉంచడం మేలు. కాబట్టి ఇమేజ్ మూసేముందు హోస్ట్ కీలు, లాగిన్ కీలు, బ్యాష్ హిస్టరీ, లాగ్‌లు, ప్యాకేజీల క్యాష్, యాదృచ్ఛిక సంఖ్యలకు మూలమైన ర్యాండమ్ సీడ్ ఫైల్ తీసేయండి. మెషిన్-ఐడీ ఖాళీ చేయండి. క్లౌడ్-ఇనిట్ తన పని ఇదివరకే అయిపోయిందని అనుకోకుండా దానికి క్లీన్ ఆదేశం ఇవ్వండి. విర్ట్-సిస్‌ప్రెప్ వీటిలో చాలా వరకు చేసిపెడుతుంది. విండోస్ అయితే సిస్‌ప్రెప్ జనరలైజ్, అంతకు మించి ఈరోజు విండోస్‌లోకి వెళ్లను.

ఇప్పుడు బూట్ సంగతి. ఇమేజ్ కట్టేవాళ్లు ఎక్కువ రాత్రులు పోగొట్టుకునేది ఇక్కడే. మీ ల్యాప్‌టాప్ మీద చక్కగా బూట్ అయిన ఇమేజ్ క్లౌడ్‌లో లేవదు. ఎందుకు? బూట్‌లోడర్ మెమరీలోకి తెచ్చిన ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్ అనే చిన్న మూటను కెర్నల్ ముందుగా విప్పుకుని, అందులోని డ్రైవర్లతో (పరికరాలతో మాట్లాడే ప్రోగ్రాములతో) అసలు డిస్కును తెరుస్తుంది. కేవీఎం మీద వర్ట్ఐఓ డ్రైవర్ కావాలి. అమెజాన్ కొత్త యంత్రాల్లో డిస్కుకు ఎన్‌వీఎమ్ఈ, నెట్‌వర్క్‌కు ఈఎన్ఏ కావాలి. డిస్కు డ్రైవర్ డిస్కులో ఉంది, మూటలో లేదు. డిస్కు తెరవాలంటే ఆ డ్రైవర్ కావాలి. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసేసుకున్నట్టు. రెడ్ హ్యాట్ కుటుంబంలో డ్రాకట్ అనే పరికరం, మూట చిన్నదిగా ఉండాలని, తాను నడుస్తున్న యంత్రానికి కావలసిన డ్రైవర్లే పెడుతుంది. ఇమేజ్ కట్టేటప్పుడు నో-హోస్ట్‌ఓన్లీ అని చెబితే అన్నీ పెడుతుంది.

అట్లాగే, ఏ డిస్కు భాగాన్ని ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో డిస్కు పేరు రాయకండి. ఒక చోట ఎస్‌డీఏ అయినది ఇంకో చోట ఎక్స్‌వీడీఏ అవుతుంది, మరో చోట ఎన్‌వీఎమ్ఈ పేరుతో వస్తుంది. ఆ భాగానికే ఇచ్చిన గుర్తింపు సంఖ్య యూయూఐడీ గానీ, లేబుల్ గానీ రాయండి. డిస్కు మీద, అసలు సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్ చిట్టచివర ఉండాలి. ఇమేజ్ నాలుగు జీబీలది కట్టి, వాడేవాళ్లు వంద జీబీల డిస్కు అడిగితే, గ్రోపార్ట్ అనే పరికరం రూట్ పార్టిషన్‌ను మొదటి బూట్‌లో పెంచుతుంది. దాని వెనక, మెమరీ చాలనప్పుడు వాడే స్వాప్ పార్టిషన్ అడ్డం కూర్చుని ఉంటే ఎక్కడికి పెరుగుతుంది? మా పాత ఇమేజ్‌లో సరిగ్గా అదే ఉండేది. మిగతా తొంభై ఆరు జీబీలకు మేం డబ్బు కడుతూనే ఉన్నాం, వాడుకోలేకపోయాం. చివరగా, కెర్నల్ ఆదేశాల వరుసలో సీరియల్ కన్సోల్, అంటే బూట్ సందేశాలను అక్షరాలుగా బయటికి పంపే దారి, పెట్టండి. క్లౌడ్ యంత్రానికి మానిటర్ లేదు. బూట్ ఆగిపోతే ఎక్కడ ఆగిందో చెప్పేది ముఖ్యంగా ఆ కన్సోలే.

ఫార్మాట్ల గురించి క్లుప్తంగా. కేవీఎం, ఓపెన్‌స్టాక్‌లకు క్యూకౌ2. మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌కు స్థిరమైన సైజు ఉన్న వీహెచ్‌డీ, దాని వర్చువల్ సైజు సరిగ్గా మెగాబైట్ల లెక్కలో ఉండాలి. గూగుల్‌కు డిస్క్.రా అనే పేరుతోనే ఫైల్ పెట్టి, దాన్ని టార్‌లో కట్టి జిప్ చేసి పంపాలి. పేరు మారితే తీసుకోదు. అమెజాన్‌లో ఇమేజ్ ఒక రీజియన్‌కే, అంటే సర్వర్లున్న ఒక ప్రాంతానికే, చెందుతుంది. ముంబై రీజియన్ 2016లో వచ్చింది, హైదరాబాద్‌ది 2022 నవంబర్‌లో. ముంబైలో కట్టిన ఏఎమ్ఐ హైదరాబాద్‌లో కనబడదు. అక్కడికి కాపీ చేస్తే కొత్త ఐడీ వస్తుంది. స్క్రిప్టులో ఐడీని నేరుగా రాసేసినవాళ్లు ఇక్కడ పడతారు.

ఇంకోటి, సైజు. ఇమేజ్ వెనక ఉండే డిస్కు ప్రతిని స్నాప్‌షాట్ అంటారు. దాని నుంచి పుట్టిన డిస్కులో డేటా మొదట అంతా ఉండదు. మీరు ఏ ముక్క చదివితే ఆ ముక్క అప్పుడు వెనక నుంచి వస్తుంది, మొదటిసారి చదవడం నెమ్మదిగా ఉంటుంది. అక్కర్లేనివి తీసేసిన ఇమేజ్ చప్పున లేవడానికి అదొక కారణం.

(ఒక విద్యార్థిని: "మేడమ్, ఇప్పుడు అందరూ డాకర్ వాడుతున్నారు కదా. ఇమేజ్ కట్టడం ఇంకా అవసరమా?")

మంచి ప్రశ్న అమ్మా. డాకర్ ఒక ప్రోగ్రామును, దానికి కావలసినవాటిని కంటైనర్ అనే డబ్బాలో పెట్టి నడుపుతుంది. ఆ కంటైనర్‌లో కెర్నల్ ఉండదు. అది కింద ఉన్న యంత్రం కెర్నల్‌నే వాడుకుంటుంది. ఆ కింది యంత్రం ఎక్కడి నుంచి వచ్చింది? ఒక ఇమేజ్ నుంచి. కంటైనర్లను చాలా యంత్రాల మీద నడిపే కుబర్నెటీస్ క్లస్టర్‌లో ప్రతి నోడ్, అంటే ప్రతి యంత్రం, వెనకా ఒక ఇమేజ్ ఉంది. కంటైనర్లు నడపడానికే ప్రత్యేకంగా కట్టిన ఫ్లాట్‌కార్, బాటిల్‌రాకెట్ లాంటి సిస్టమ్‌లు వచ్చాయి, వాటిలో సిస్టమ్ ఫైళ్లు ఉండే భాగంలోకి రాయడానికి కూడా ఒప్పుకోరు. డాకర్‌ఫైల్ రాయడం వచ్చిన మీకు దిట్టం రాసే అలవాటు ఇప్పటికే ఉంది. అదే అలవాటును ఒక మెట్టు కిందికి తెచ్చుకోండి.

ఇమేజ్ పాతబడటం గురించి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని గమనించి, వెంటపడి, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ పరికరం 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని బయటపెట్టారు. ఆ వార్త వచ్చిన రాత్రి ప్రతి కంపెనీలో ఒకటే ప్రశ్న: మన ఇమేజ్‌లలో ఏ వెర్షన్ ఉంది? అప్పటికి మేం ప్రతి ఇమేజ్‌తో పాటు అందులోని ప్యాకేజీల జాబితా దాచడం మొదలుపెట్టాం. ఒక్క వెతుకులాటతో జవాబు వచ్చింది. మావి, ఎక్కువ ఏళ్లు అప్‌డేట్లు ఇచ్చే ఉబుంటు ఎల్‌టీఎస్ మీదివి, ఆ వెర్షన్ లేదు. జాబితా లేనివాళ్లు ఒక్కో యంత్రంలోకి లాగిన్ అయి చూసుకున్నారు.

సెంటాస్ 7 అనే లినక్స్‌కు అప్‌డేట్లు ఇచ్చే కాలం 2024 జూన్ 30తో ముగిసింది. దాని మీద ఇమేజ్‌లు పెట్టుకుని తాపీగా కూర్చున్నవాళ్లకు, ఆ తర్వాత పాత చిరునామాలో ప్యాకేజీలు దొరక్క, వాటిని తెచ్చే యమ్ అనే పరికరం ఆగిపోయింది. అందుకే మేం ఇమేజ్‌ను వారానికోసారి కడతాం, మార్పు ఉన్నా లేకపోయినా. రోజూ పొయ్యి వెలిగించే వంటింట్లో గ్యాస్ అయిపోయిన సంగతి ఆ రోజే తెలుస్తుంది. పండగనాడు తెలియదు. కట్టిన ఇమేజ్‌ను లేపి, పరీక్షలు నడిపి, గెలిస్తేనే వాడుకలోకి తెస్తాం. వెనకటివి మూడు ఉంచుతాం, తిరిగి వెళ్లాల్సి వస్తే ఉండాలి కదా. మిగతావి తీసేస్తాం. ఏఎమ్ఐని తీసేసినంత మాత్రాన దాని స్నాప్‌షాట్ పోయిందనుకోకండి, చూసుకుని అదీ తీయాలి. లేకపోతే బిల్లు నడుస్తూనే ఉంటుంది.

క్రెడిట్ కార్డు లేదు, క్లౌడ్ ఖాతా తెరవలేం అని ఇందాక ఒకరు అన్నారు. అక్కర్లేదు. మీ ల్యాబులో కేవీఎం ఉంటే చాలు. డెబియన్ క్లౌడ్ ఇమేజ్ దింపండి. సీఐడేటా అనే లేబుల్‌తో చిన్న ఐఎస్ఓ (సీడీ రూపంలోని ఫైల్) తయారు చేసి, అందులో యూజర్-డేటా, మెటా-డేటా అనే రెండు ఫైళ్లు పెట్టి యంత్రానికి తగిలించండి. క్లౌడ్-ఇనిట్ ఇంటర్నెట్‌ను అడక్కుండా దాన్నే చదువుకుంటుంది. ఒకే ఇమేజ్ నుంచి రెండు యంత్రాలు లేపి, రెండింటి హోస్ట్ కీలు, మెషిన్-ఐడీలు పక్కపక్కన పెట్టి చూడండి. వేరువేరుగా ఉంటే మీ ఇమేజ్ బాగుంది. ఒకటే అయితే దిట్టం తెరిచి ఎక్కడ పొరపాటు పడిందో వెతకండి. టీ తాగి రండి, పై అంతస్తులోని ల్యాబులో ఇదే చేద్దాం.